చదరంగం గళ్ళలో గింజలెన్నో అందరూ చెబుతారు, ఆ సంఖ్య ఎలాంటిదో చెప్పరేం?

18446744073709551615. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళూ నింపితే వచ్చే మొత్తం ఇది. మన లెక్కలో చెప్పుకుంటే లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైచిలుకు. చదరంగం కనిపెట్టినవాడు ఈ గింజలు బహుమతిగా అడిగితే రాజు నవ్వుతూ ఒప్పుకోవడం, మంత్రి తెల్లబోయిన ముఖంతో తిరిగి రావడం, రాజ్యంలో గాదెలన్నీ ఊడ్చినా చాలకపోవడం అందరం విన్నదే. కథ ఎప్పుడూ "అమ్మో, ఎంత పెద్ద సంఖ్యో!" దగ్గర ఆగిపోతుంది. అది నాకు నచ్చదు. పెద్దగా ఉండటం ఏ సంఖ్యకీ గొప్ప కాదు. దీనికి ఒకటి కలిపితే ఇంకా పెద్దది వస్తుంది.

తెలుగువాళ్ళకి ఈ సంఖ్యతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఇందులోని ఇరవై అంకెల్నీ చంపకమాలలో పొదిగిన పద్యం పావులూరి మల్లన పేరు మీద వాడుకలో ఉంది. మల్లన 11వ శతాబ్దపు వాడని ఎక్కువమంది చెబుతారు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ పద్యం కొన్నాళ్ళకోసారి తిరిగొస్తూనే ఉంటుంది. కింద తప్పనిసరిగా ఒక వాక్యం: "కంప్యూటర్లు లేని కాలంలోనే మనవాళ్ళకి ఇది తెలుసు!" దాని కింద దండం పెడుతున్న చేతులు ఒక వరస.

పద్యం నాకూ ఇష్టమే. శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, రంధ్ర, వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. మన్మథుడి బాణాలు అయిదు కనుక శర అంటే 5, చంద్రుడు ఒక్కడే కనుక శశి అంటే 1, బ్రహ్మ ముఖాలు నాలుగు కనుక పద్మజాస్య అంటే 4. ఇలా అంకెలకి బదులు మాటలు వాడే పద్ధతిని భూతసంఖ్యలంటారు. వాటిలో అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఎడమకి నడుస్తాయి. కాబట్టి చివరి మాట తుహినాంశుతో మొదలుపెట్టి వెనక్కి చదువుకుంటూ వస్తే 1, 8, 4, 4, 6, 7... సరిగ్గా మన సంఖ్యే.

నా పేచీ పద్యంతో కాదు, కింద ఉన్న ఆ వాక్యంతో. అది పొగడాల్సినదాన్ని వదిలేసి ఇంకేదో పొగుడుతోంది.

ముందు, ఈ సంఖ్యని కనుక్కోవడం ఎంత కష్టం? కథ వింటే 63 సార్లు రెట్టింపు చేసి, 64 సంఖ్యలు వరసగా రాసి కూడాలనిపిస్తుంది. ఎవరికీ ఆ అవస్థ అక్కర్లేదు. 16ని వర్గం చేస్తే 256, దాన్ని వర్గం చేస్తే 65536, ఇంకోసారి చేస్తే 4294967296, మరోసారి చేస్తే 18446744073709551616. అందులోంచి ఒకటి తీసేస్తే అయిపోయింది. నాలుగే నాలుగు గుణకారాలు. ఓపికున్న తొమ్మిదో తరగతి పిల్ల కాగితం మీద ఒక సాయంత్రంలో చేసేస్తుంది. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఈ మొత్తాన్ని ఇలా వర్గాల మీద వర్గాలు చేసే చెప్పాడు. మన దగ్గర పింగళుడి ఛందశ్శాస్త్రంలో అంతకన్నా పాత సూత్రం ఉంది. సంఖ్య సరి అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తియ్యి, సున్నా వచ్చేదాకా ఇలాగే. తర్వాత వెనక్కి వస్తూ సగం చేసినచోట వర్గం, ఒకటి తీసినచోట రెట్టింపు. లఘుగురువుల అమరికలు మొత్తం ఎన్నో లెక్కపెట్టడానికి పుట్టిన సూత్రం అది. దాన్నిబట్టి 64ని ఆరు సార్లు సగం చేస్తే 1 వస్తుంది, దాన్నీ తీసేస్తే సున్నా. వెనక్కి వచ్చేటప్పుడు ఒక రెట్టింపు, ఆరు వర్గాలు. మహావీరాచార్యుల గణితసారసంగ్రహంలో, అంటే మల్లన తెనిగించిన గ్రంథంలో, గుణశ్రేఢికి (ఒకే సంఖ్యతో హెచ్చవేసుకుంటూ పోయే వరసకి) ఇదే తీరు సూత్రం ఉంది.

గొప్పలు చెప్పుకోవాలనుకుంటే ఈ పద్ధతి గురించి చెప్పుకోవాలి. అంకెలు దాంట్లోంచి రాలిపడ్డవి మాత్రమే. "ఆరు సార్లు సగం చేయడం" అన్న మాట గుర్తుపెట్టుకోండి, దానితో మళ్ళీ పని ఉంది.

అంకెల సంగతి కాస్త తేల్చుకుందాం. ఏదైనా పెద్ద సంఖ్య ఇచ్చి దాని లక్షణాలు చెప్పమంటే చాలామంది వెంటనే అంకెలు కూడతారు. ఇక్కడ కూడితే 87, మళ్ళీ కూడితే 15, మళ్ళీ కూడితే 6. ఆరు శుక్రుడి సంఖ్య అని ఇంకొకరు అందుకుంటారు. పదిలో కాకుండా ఇంకో స్థానమానంలో రాస్తే ఈ 6 ఉండదు. రెండులో రాస్తే ఇది 64 ఒకట్ల వరస, అంతే. పదహారులో రాస్తే, 15కి గుర్తుగా వాడే అక్షరం పదహారు సార్లు వస్తుంది. అసలు స్వరూపంలో ఇంత క్రమంగా ఉన్న సంఖ్య మన పది వేళ్ళ లెక్కలోకి వచ్చేసరికి చిందరవందరగా కనబడుతోంది. ఆ గందరగోళం మన రాతది, సంఖ్యది కాదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ 64 ఒకట్లు బాగా తెలుసు. ఒకసారి ఒక సర్వర్‌లో మిగిలిన డిస్క్ స్థలం 18446744073709551615 బైట్లని కనిపిస్తే, పక్క సీటు కుర్రాడు టెన్షన్‌తో పరిగెత్తుకొచ్చాడు. ఎక్కడో సున్నాలోంచి ఒకటి తీసేశారు, అంతకంటే ఏం లేదు. రుణ సంఖ్యలు పట్టని 64 బిట్ల గడిలో, అంటే 64 సున్నాలో ఒకట్లో మాత్రమే పట్టే చోట, సున్నాకి కిందకి దిగితే పైకప్పుకి వెళ్ళి తగులుతాం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్లో అయితే "చివరిదాకా అన్ని వరసలూ ఇవ్వు" అని అడగడానికి ఈ సంఖ్యనే హద్దుగా రాసేయమని ఉంటుంది. గోధుమ గింజల లెక్క అలా డేటాబేస్‌లో తేలింది.

పదిలో రాసిన రూపంలో ఒక వింత మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆ ఇరవై అంకెల్లో మిగతా తొమ్మిది అంకెలూ ఉన్నాయి, 2 మాత్రం ఒక్కసారి కూడా లేదు. పూర్తిగా రెండు మీద కట్టిన సంఖ్యలో రెండే లేదు! నేత్ర, పక్ష, కర లాంటి మాటలతో పద్యకర్తకి పనే పడలేదు. ఇది కూడా యాదృచ్ఛికమే, దేనికీ కారణం కాదు, నేనిప్పుడు వెక్కిరించిన జాతికే చెందుతుంది. అయినా బాగుంది.

ఇక సంఖ్యకి నిజంగా చెందిన లక్షణాలు. ఏ స్థానమానంలో రాసినా మారనివి, పైగా "ఎందుకు" అంటే జవాబు ఉన్నవి.

బల్లని సగానికి మడిచినట్టు ఊహించుకోండి. మొదటి 32 గళ్ళు ఒక సగం, తర్వాతి 32 రెండో సగం. రెండో సగంలో ప్రతి గడిలోనూ, మొదటి సగంలో దానికి జోడీ అయిన గడికి 2³² రెట్లు గింజలుంటాయి. అంటే మొత్తం గింజలు, మొదటి సగంలోని గింజలకి 2³²+1 రెట్లు. ఆ మొదటి సగాన్ని మళ్ళీ మడవండి: 16 గళ్ళలోని గింజలకి 2¹⁶+1 రెట్లు. ఇంకోసారి మడిస్తే 2⁸+1, ఇంకోసారి 2⁴+1, ఆపైన 2²+1, చివరికి 2+1. ఆరు మడతలయ్యాక ఒక గడి, ఒక గింజ మిగులుతాయి. పింగళుడు ఆరు సార్లు సగం చేసింది ఇదే 64ని. లెక్కకట్టడానికి వేసిన మడతలే సంఖ్యని విడగొట్టడానికీ పనికొచ్చాయి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మొదటి రెండు గళ్ళు కలిపితే 3 గింజలు, నాలుగు గళ్ళయితే 15, మొదటి వరస మొత్తం 255, రెండు వరసలు 65535. కథ చెప్పే పెద్దలెవరూ పిల్లలకి ఇది చూపించరేమిటా అని నా బాధ. ఇరవై అంకెల సంఖ్యని భాగహారమే చేయకుండా ఆరు ముక్కలు చేశాం.

ఈ ముక్కల్లో 7 లేదు, 11 లేదు, 13 లేదు. ఎందుకు లేవు? ఒక్కో గడిలోని గింజల్ని 7తో భాగించి శేషాలు రాసుకుంటూ పోండి: 1, 2, 4, మళ్ళీ 1, 2, 4. మూడు గళ్ళకో చుట్టు. ఒక చుట్టులోని శేషాలు కూడితే 7, అంటే సున్నా కిందే లెక్క. 64 గళ్ళలో ఇలాంటి చుట్లు 21 పూర్తయ్యాక ఒక గడి మిగిలిపోతుంది. అందుకే మొత్తాన్ని 7తో భాగిస్తే 1 మిగులుతుంది. అదే 5తో చేస్తే 1, 2, 4, 3 అని నాలుగు గళ్ళ చుట్టు, 64లో సరిగ్గా పదహారు సార్లు పడుతుంది, ఏమీ మిగలదు. 11కి పది గళ్ళ చుట్టు, 13కి పన్నెండు గళ్ళది. పదీ, పన్నెండూ 64లో నిశ్శేషంగా పట్టవు. ఒక బేసి ప్రధాన సంఖ్య ఈ మొత్తాన్ని భాగించాలంటే దాని చుట్టు 64ని భాగించాలి, అంటే చుట్టు పొడవు 2, 4, 8, 16, 32, 64లలో ఒకటి కావాలి. 3కి రెండు, 5కి నాలుగు, 17కి ఎనిమిది, 257కి పదహారు, 65537కి ముప్పై రెండు. ఒక్కో మడతకి ఒక్కో ప్రధాన సంఖ్య, లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

ఆరో మడత (చిన్న ముక్క 3 నుంచి లెక్కపెడితే ఆరోది) దగ్గరికి వెళ్ళేముందు పద్యంతో ఒక చిన్న పని. అంకెల్ని తక్కువ చేసి మాట్లాడాను కదా, సంఖ్యా సిద్ధాంతం వాటికి చేసే మేలు కూడా చెప్పాలి. తాటాకుల మీద ఒకరి నుంచి ఒకరు రాసుకుంటూ వచ్చిన పద్యంలో మాట మారితే ఎలా తెలుస్తుంది? గణాలు, యతి, ప్రాస చాలా తప్పుల్ని పట్టేస్తాయి. అన్నిటినీ కాదు. "చంద్ర శర సాయక" అన్నచోట రాయసగాడు పొరపాటున "చంద్ర శశి సాయక" అని రాశాడనుకోండి. శర, శశి రెండూ రెండు లఘువులే, గణం చెడదు. అది ప్రాస స్థానమూ కాదు, యతి స్థానమూ కాదు. కానీ సంఖ్యలో 5 పోయి 1 వచ్చింది. అంకెలు కూడి 3తోనో 9తోనో చూసుకునే పాత పద్ధతి దీన్ని పట్టుకుంటుంది గానీ, పక్కపక్క అంకెలు తారుమారైతే పట్టుకోలేదు, ఎందుకంటే కూడిక మారదు కదా.

17తో చూడండి. ఒక అంకె మారితే సంఖ్యలో వచ్చే తేడా, 1 నుంచి 9 లోపు అంకె పక్కన కొన్ని సున్నాలు. పక్కపక్క అంకెలు తారుమారైతే, 9 రెట్లు ఒక అంకె పక్కన కొన్ని సున్నాలు. ఈ తేడాలు వేటినీ 17 భాగించలేదు. అసలు సంఖ్య 17 గుణిజమని మనకి తెలుసు కనుక, ఈ రెండు రకాల తప్పుల్లో ఏదైనా ఒక్కటి దొర్లినా శేషం వచ్చి తీరుతుంది. చేయడం కూడా సులువే. 102 పదిహేడుకి గుణిజం కాబట్టి 100 బదులు −2 పెట్టుకోవచ్చు. సంఖ్యని ఎడమ నుంచి జంటలుగా విడదీయండి: 18, 44, 67, 44, 07, 37, 09, 55, 16, 15. చేతిలో ఉన్నదాన్ని −2తో హెచ్చవేసి తర్వాతి జంట కలుపుతూ, 17లు తీసేస్తూ పోవాలి. 18 నుంచి −36, దానికి 44 కలిపితే 8. అక్కడి నుంచి −16, 67 కలిపితే 51, అంటే సున్నా. అలా వెళ్తే వరసగా 10, 4, 12, 2, 0, 16 వస్తాయి, చివరి జంటతో −32, 15 కలిసి −17, అంటే సున్నా. పద్యం శుద్ధంగా ఉంది! ప్రాచీన ప్రతులు పరిష్కరించేవాళ్ళకి చేతిలో ఇలాంటి పనిముట్టు ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం. పుస్తకాల వెనక ఉండే ఐఎస్‌బీఎన్ చివరి అంకె కూడా ఈ శేషాల కాపలాయే.

ఇక ఆరో మడత, 4294967297. మిగతా అయిదూ ప్రధాన సంఖ్యలు. మరి ఇదో? 1640లో ఫ్రాన్స్‌లో పియెర్ ద ఫెర్మా ఇలాంటి సంఖ్యలన్నీ (2ని 1, 2, 4, 8, 16... ఘాతాలకి పెంచి 1 కలిపినవి) ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. నిరూపణ తన దగ్గర లేదని ఒప్పుకుంటూనే నమ్మాడు. అదే ఏడాది ఆయనే ఇంకో సిద్ధాంతం కూడా ప్రకటించాడు: ఒక ప్రధాన సంఖ్య భాగించని ఏ సంఖ్యనైనా, ఆ ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఘాతానికి పెంచి దానితోనే భాగిస్తే 1 మిగులుతుంది. దాన్ని ఇక్కడ 2తో ప్రయోగిస్తే 1 మిగులుతుంది, సంఖ్య పరీక్ష పాసైపోతుంది. కానీ అది సాక్ష్యం కాదు. రెండులోంచే పుట్టిన సంఖ్య మీద రెండు చెప్పే సాక్ష్యానికి విలువేముంటుంది? 3తో ప్రయోగించి ఉంటే 1కి బదులు 3029026160 వచ్చేది. 32 సార్లు వర్గం చేసి శేషం తీసే పని, పెన్నుతో విసుగే గానీ అసాధ్యం కాదు.

1729లో (అవును, ఆ రామానుజన్ 1729యే) గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఉత్తరం రాసి ఈ ప్రశ్నని మరో గణితవేత్త ఆయిలర్ ముందు పెట్టాడు. 1732లో ఆయిలర్ తేల్చేశాడు: 4294967297 = 641 × 6700417. ఎలా అన్నది మన చుట్లతోనే చెప్పొచ్చు. ఈ ముక్కని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే దాని చుట్టు సరిగ్గా 64 గళ్ళు ఉండాలి. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ఆ చుట్టు పొడవు, ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేసినదాన్ని భాగించాలి. అంటే మనం వెతికేది 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యల్లోనే ఉండాలి. అవి 193, 257, 449, 577, 641... వీటిలో 257 చుట్టు పదహారేనని ముందే చూశాం, దాన్ని వదిలేయొచ్చు. మిగిలినవాటితో వరసగా భాగించుకుంటూ పోతే నాలుగో భాగహారానికి పట్టుబడుతుంది. ఆయిలర్ మహా మేధావి, నిజమే. కానీ ఇక్కడ ఆయన చేసినదాంట్లో సగం గొప్పతనం ఎక్కడ వెతకక్కర్లేదో కనిపెట్టడంలో ఉంది.

641 భాగిస్తుందని ఒప్పించడానికి అసలు భాగహారం కూడా వద్దు. 641 అంటే 5×2⁷+1. అదే 641 మళ్ళీ 5⁴+2⁴ కూడా. మొదటి రూపాన్నిబట్టి, 641తో శేషాల లెక్కలో 5×2⁷ అంటే −1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴×2²⁸ అంటే 1. రెండో రూపాన్నిబట్టి 5⁴ అంటే −2⁴. అది అక్కడ పెడితే −2³² అంటే 1, అంటే 2³²+1 సున్నా. పది అంకెల సంఖ్యని ఎక్కడా ముట్టుకోలేదు. నాకు లెక్కల్లో ఇష్టమైన నాలుగు వాక్యాలు చెప్పమంటే ఇవే చెబుతాను.

6700417 కూడా ప్రధాన సంఖ్యే. కాబట్టి గింజల మొత్తం పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాదు. భాజకాలు 128.

ఆరో మడత చెడటం వల్ల ఏం పోయిందో చూడాలంటే నాలుగు వరసల బల్లకి రండి. అక్కడి మొత్తం 4294967295, అంటే మంచి మడతలు అయిదింటి లబ్ధం. 1796లో పంతొమ్మిదేళ్ళు నిండని గౌస్, కొలబద్ద, వృత్తలేఖినితో 17 భుజాల క్రమబహుభుజిని గీయొచ్చని కనిపెట్టాడు. ఆయన ఆలోచననిబట్టి, 1837లో వాంట్‌జెల్ పూర్తిచేసిన నిరూపణనిబట్టి, భుజాల బేసి సంఖ్య ఇలాంటి మంచి మడతల్లో ఒకటో, వేర్వేరు మంచి మడతల లబ్ధమో అయితేనే గీయొచ్చు. కాబట్టి అలా గీయగలిగిన బేసి భుజాల బహుభుజుల్లో ఇప్పటిదాకా తెలిసిన అతిపెద్దది సరిగ్గా 4294967295 భుజాలది. గీసేవాడెవడూ లేడనుకోండి, గీస్తే వృత్తానికీ దానికీ తేడా ఏ కంటికీ తెలియదు. ఎనిమిది వరసలూ నింపితే వచ్చే మన సంఖ్యకి ఆ యోగం లేదు. 641, 6700417 అడ్డొచ్చాయి.

బల్లని పెద్దది చేస్తూ పోతే? 128 గళ్ళ బల్లకి ఏడో మడత 2⁶⁴+1. అదీ ప్రధాన సంఖ్య కాదు: 274177 × 67280421310721. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన ఎనభై దాటిన వయసులో దీన్ని విడగొట్టాడు. ఆ తర్వాతి మడతల్లో తేలినవన్నీ సంయుక్త సంఖ్యలే. వాటిలో 2ని 2²⁰వ ఘాతానికి పెంచి 1 కలిపిన సంఖ్య మరీ విచిత్రం. అది సంయుక్తమని 1987లో నిరూపించారు గానీ, దాని ఒక్క కారణాంకం కూడా ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అంటే అది విడిపోతుందని ఖాయంగా తెలుసు, ఎక్కడ విడిపోతుందో తెలియదు. 2ని 2³³వ ఘాతానికి పెంచి 1 కలిపితే వచ్చేదాని విషయంలో అదీ తేలలేదు. దాన్ని పదిలో రాస్తే 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. ప్రధాన సంఖ్యో కాదో తేలనివాటిలో అదే మొదటిది.